సెనగయ్య ముక్కు మీద బెల్లం

ఒకప్పుడు బడ్జీ పిట్టలన్నిటికీ ముక్కులు నీలంగానే ఉండేవి. ఆడదైనా నీలమే, మగదైనా నీలమే.

బడ్జీ పిట్టలంటే తెలుసుగా? పంజరంలో జంటగా కూర్చుని కిచకిచలాడుతుంటే మీరు లవ్ బర్డ్స్ అంటారే, ఆ చిట్టి చిలకలు. ముక్కంటే గింజలు కొరికే ముక్కు కాదర్రా. దానికి పైన, రెండు చిల్లులతో, మెత్తగా చిన్న బిళ్ళలా ఉంటుంది చూడండి, అది. పిల్ల పుట్టగానే ఆకాశం కిందికి వంగి అక్కడొక ముద్దు పెట్టేది. ఆ ముద్దు రంగే ఆ నీలం.

నీలం బాగానే ఉండేది. చిక్కల్లా ఒక్కటే. ఏది అన్నో ఏది చెల్లెలో చూసేవాళ్ళకి తెలిసేది కాదు. పిట్టల సంగతి పిట్టలకి తెలుసు, మనుషులకే తెలియదు.

అడిగి తెలుసుకోవచ్చు కదా అంటారా? ఆ రోజుల్లో పిట్టలూ వానా కుండా నిప్పూ అన్నీ మాట్లాడేవి. మనుషులకి మాత్రం తమ మాటలతోనే సరిపోయేది. ఇంకొకరి మాట వినే తీరిక వాళ్ళకి ఆ రోజుల్లోనూ లేదు.

గోదావరి గట్టు మీద ఒక ఊళ్ళో మంగాయమ్మ అనే ఆవిడ ఉండేది. పూతరేకులు చెయ్యడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి. పెద్ద కుండని పొయ్యి మీద బోర్లించి, దాని పక్కన చేసిన కన్నంలోంచి లోపల మంట పెట్టేది. బియ్యం రుబ్బిన పాలల్లో పల్చటి గుడ్డ ముంచి, కాలిన కుండ వీపు మీద ఒక్క లాగు లాగేది. అంతే, రేకు లేచి వచ్చేది! దాంట్లో నెయ్యీ బెల్లప్పొడీ వేసి మడిచేది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. తొలి పూతరేకు గోదారమ్మకి పెట్టేదాకా బెల్లం ఎవరూ ముట్టకూడదు. మొగుడు పేర్రాజు వేలు చాచినా సరే, ఆ వేలి మీద ఒక్కటి పడేది.

పేర్రాజు పడవ నడిపేవాడు. ఒకసారి సముద్రం అవతల్నుంచి వచ్చిన ఓడవాళ్ళని గోదారి దాటించినందుకు వాళ్ళు అతనికి రెండు పిట్టల్ని ఇచ్చారు. ఒకటి పెసల రంగు. ఒకటి సెనగపప్పు రంగు.

"ఏమేవ్, చూడు ఎవర్ని తెచ్చానో! అన్నదమ్ములు!" అన్నాడు పేర్రాజు.

"అన్నదమ్ములని మీకెవరు చెప్పారండీ?"

"ఒకరు చెప్పాలా ఏంటి? రెండింటికీ ముక్కులు అచ్చు ఒక్కలా లేవూ?"

మంగాయమ్మ కూడా చూసింది. ఒక్కలాగే ఉన్నాయి. "అయితే ఇది పెసరయ్య, ఇది సెనగయ్య" అని పేర్లు పెట్టేసింది.

"నేను సెనగయ్యని కాదు, సెనగమ్మని!" అంది పసుప్పచ్చ పిట్ట కోపంగా.

"అయ్యో, ఆకలేస్తున్నట్టుంది" అని మంగాయమ్మ గుప్పెడు కొర్రలు పెట్టింది. కొర్రలు కంటి ముందు ఉంటే ఎవరికి మాత్రం కోపం నిలుస్తుంది? సెనగమ్మ పేరు సంగతి మర్చిపోయి తినేసింది.

పంజరం తలుపు ఎప్పుడూ తీసే ఉండేది. రెండూ ఇల్లంతా ఎగిరేవి. మంగాయమ్మ రేకు తీస్తుంటే ఆవిడ భుజం మీద కూర్చుని, తూగుతూ చూసేవి. ఆ ఇల్లు వాటికి బాగా నచ్చింది.

ఇంతలో ముసురు పట్టింది.

ఈ పిట్టల సొంత దేశంలో ఎండలెక్కువ. అక్కడ వాన పడటమంటే పండగే. వాన పడితే గడ్డి మొలుస్తుంది, గడ్డికి గింజలొస్తాయి, గింజలొస్తే పిల్లలకి తిండికి లోటుండదు. అందుకని చినుకు పడగానే ఆ పిట్టలన్నీ చెట్టుతొర్రలు వెతుక్కుని గుడ్లు పెట్టేసేవి.

సెనగమ్మ కిటికీలో కూర్చుని అడిగింది. "వానమ్మా, ఎన్నాళ్ళుంటావు?"

"గోదారి దేశానికొచ్చి అదేం ప్రశ్న?" అని వాన పకపకా నవ్వింది. "ఇక్కడ నాకు విసుగొస్తేనే ఆగుతాను. నాకు విసుగు రాదు."

సెనగమ్మ కిటికీలోంచి రివ్వున ఎగిరొచ్చింది. "పెసరయ్యా, వేళయింది!"

ఇక చూడండి ఆ ఇంట్లో గొడవ. చీకటి కన్నం ఎక్కడ కనబడితే అక్కడ సెనగమ్మ తల దూర్చింది. వడ్ల గాదె వెనక్కి దూరింది. పేర్రాజు తలగుడ్డ మడతల్లోకి దూరింది. పప్పుడబ్బాలో దూరి మూత పడిపోయి, లోపల్నుంచి కేకలు పెట్టింది. చెక్క కనబడితే కొరికింది. తీయబోయిన మంగాయమ్మ వేలు కూడా కొరికింది.

పెసరయ్య తక్కువ తిన్నాడా? తల పైకీ కిందకీ ఊపుకుంటూ, పాట పాడుకుంటూ సెనగమ్మ వెంటే తిరిగాడు. తను మింగిన గింజలు మళ్ళీ పైకి తెచ్చి ఆమె నోట్లో పెట్టేవాడు.

మంగాయమ్మకి ఆ ముద్దు చూసి కళ్ళు చెమర్చాయి. "ఏవండోయ్, చూశారా! తమ్ముడంటే ఈ అన్నకి ఎంత ప్రాణమో! నోట్లో పెట్టి తినిపిస్తున్నాడు."

"మరి ఆ తమ్ముడు నా తలగుడ్డ ఎందుకు చింపాడు?"

"దిష్టండీ. ఊళ్ళోవాళ్ళ కళ్ళన్నీ వీడి మీదే" అని, మంగాయమ్మ ఉప్పూ మిరపకాయలూ తెచ్చి సెనగమ్మ చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా ఘాటుతో నిండిపోయింది. అందరూ తుమ్మారు. సెనగమ్మ మాత్రం తుమ్ముతూనే ఇంకో కన్నం వెతుక్కోవడానికి పోయింది.

అప్పుడు కనిపించింది పూతరేకుల కుండ.

ముసురులో రేకు మెత్తబడి ముద్దయిపోతుంది. అందుకని ఆ కుండకి పని లేదు. పొయ్యి మీద బోర్లా పడి నిద్రపోతోంది. పక్కన గుండ్రటి కన్నం. లోపల చీకటి. అడుగున మెత్తటి బూడిద. సెనగమ్మ లోపలికి దూరి చుట్టూ చూసింది. చెట్టుతొర్ర కూడా ఇంత బాగుండదు.

"ఎవరే అది?" కుండ ఉలిక్కిపడి లేచింది. "నా కడుపులోకి నిప్పు తప్ప ఎవరూ రారు."

"నేను, సెనగమ్మని. గుడ్లు పెట్టుకుంటాను, కాస్త చోటివ్వవా కుండమ్మా?"

కుండకి నవ్వొచ్చింది, జాలీ వేసింది. ఇన్నేళ్ళలో దాన్నెవరూ ఏదీ అడగలేదు. అందరూ మంట పెట్టినవాళ్ళే. "ఉండు తల్లీ. కానీ వాన వెలిస్తే మాత్రం నిప్పొస్తుంది. అది నా చేతుల్లో లేదు."

"వానకి విసుగు రాదట" అంది సెనగమ్మ ధీమాగా.

ముత్యాల్లాంటి తెల్లటి గుడ్లు పెట్టింది. రోజు విడిచి రోజు ఒకటి చొప్పున. వాటి మీద కూర్చుని కదల్లేదు. పెసరయ్యే కన్నం దగ్గరికొచ్చి తిండి పెట్టి పోయేవాడు. లోకంలో ఇంత సుఖం ఉంటుందని సెనగమ్మకి అంతవరకూ తెలియదు.

"సెనగయ్య ఏడండీ? కనపడ్డం లేదు" అని మంగాయమ్మ అడిగితే, "నీ మిరపకాయల ఘాటుకి అలిగుంటాడు" అనేవాడు పేర్రాజు.

ఒక పొద్దున సూర్యుడు వానతో తగువు పడ్డాడు. "ఎన్నాళ్ళే నీ వంతు? నాకూ పనుంది!" వానకి విసుగైతే రాలేదు కానీ, సూర్యుడి మాట కాదనలేక మబ్బులు మూట కట్టుకుని సముద్రం వైపు పోయింది. పెళపెళా ఎండ కాసింది.

అవతలి గట్టున పెళ్ళి ఉంది. పెళ్ళివారికి పూతరేకులు కావాలి. మంగాయమ్మ కొంగు బిగించింది. బియ్యప్పాలు సిద్ధం చేసింది. పళ్ళెం నిండా బెల్లప్పొడి పోసి, నెయ్యి కలిపి పెట్టుకుంది. ఎండు కొబ్బరాకులు కట్టకట్టి పొయ్యి దగ్గర కూర్చుంది.

పెసరయ్య ఆవిడ తల చుట్టూ గిరగిరా తిరిగాడు. "మంటొద్దు! లోపల నా సెనగమ్మ ఉంది! గుడ్లున్నాయి!"

"వచ్చానొచ్చాను, కొర్రలేగా" అని మంగాయమ్మ గుప్పెడు కొర్రలు చల్లింది. ఈసారి పెసరయ్య ఒక్క గింజ కూడా ముట్టలేదు.

ఆకు అంటుకుంది.

"నిప్పయ్యా, రాకు!" అని కుండలోంచి సెనగమ్మ అరిచింది.

"నాకూ రావాలని లేదు తల్లీ" అంది నిప్పు. పాపం, దానికి ఏడుపొచ్చింది. "కానీ నన్ను ఎటు తోస్తే అటు పోతాను, దొరికింది తింటాను. నా పుట్టుకే అంత. నన్ను పట్టుకున్న చేతికి చెప్పుకో."

సెనగమ్మ గుడ్ల వైపు చూసింది. ఎత్తుకుపోదామంటే చేతుల్లేవు. చెబుదామంటే ఆవిడకి వినపడదు. ఈవిడ దేనికి లేస్తుంది? దేనికైతే చేతిలో పని వదిలి పరిగెత్తుతుంది?

చప్పున తట్టింది. బెల్లం!

రివ్వున బయటికొచ్చి, పళ్ళెం మీద వాలి, నెయ్యి కలిపిన బెల్లంలో ముక్కు కళ్ళదాకా ముంచేసింది. ముంచి, మంగాయమ్మ ఎదురుగా నిలబడి, కావాలనే రెక్కలు టపటపా కొట్టింది.

"అయ్య బాబోయ్! గోదారమ్మకి పెట్టకుండా ఎంగిలి చేస్తావురా, బెల్లం దొంగా!" మంగాయమ్మ చేతిలో మండుతున్న కట్టని చెంబులో ముంచేసి లేచింది. సుయ్‌మంది నిప్పు. దానికి ప్రాణం లేచొచ్చింది.

సెనగమ్మ ముందు, మంగాయమ్మ వెనక. గాదె చుట్టూ తిరిగారు, పంజరం చుట్టూ తిరిగారు. చివరికి సెనగమ్మ సూటిగా కుండ కన్నంలోకి దూరిపోయింది. "దొరికావులే!" అని మంగాయమ్మ మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి తొంగి చూసింది.

చూసి, కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది.

చీకట్లో తెల్లగా గుడ్లు. వాటి మీద రెక్కలు పరుచుకుని సెనగయ్య. ముక్కు మీద బెల్లం.

"ఏవండోయ్!" అని మంగాయమ్మ పెట్టిన కేకకి గట్టు మీద కొంగలు లేచిపోయాయి. "మన సెనగయ్య గుడ్లు పెట్టాడండీ!"

పేర్రాజు పడవ దగ్గర్నుంచే అన్నాడు. "ఎద్దు ఈనిందంటే దూడని గాట కట్టెయ్యమన్నాట్ట వెనకటికొకడు. నేను అలాంటివాణ్ణి కాదే!"

వచ్చి చూశాక మాత్రం నోరు తెరిచి మళ్ళీ ముయ్యలేదు. అన్న తమ్ముడికి తినిపించడమెందుకో, తలగుడ్డ చిరగడమెందుకో అప్పుడు ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది. ఒకరి మొహం ఒకరు చూసుకుని, కడుపు పట్టుకుని నవ్వారు. నవ్వి నవ్వి మంగాయమ్మకి ఏడుపొచ్చింది. చేతిలో ఆరిపోయిన కట్ట ఇంకా ఉంది.

"ఇంకొక్క క్షణముంటే ఎంత పాపం మూటకట్టుకునేదాన్ని తల్లీ! ఎవరో చెబుతున్నట్టే ఉంది, కొర్రలు పారేసి ఊరుకున్నాను" అని చెంపలు వాయించుకుంది.

"మరి పెళ్ళివారి రేకులో? గుడ్లు తీసి బుట్టలో పెడదామా?" అన్నాడు పేర్రాజు.

మంగాయమ్మ గుడ్లురిమింది. "పురిటి మంచం మీదున్న పిల్లని ఇల్లు ఖాళీ చెయ్యమంటారా? ఇది సెనగయ్య కాదు, సెనగమ్మ. నా కూతురు. పుట్టింట్లో పురుడు పోసుకుంటోంది. ఎవరూ చెయ్యి పెట్టడానికి వీల్లేదు!"

కొత్త కుండ తెచ్చారు. కొత్త కుండ మాట వినదు కదా! మొదటి రేకులు అప్పడాల్లా మందంగా వచ్చాయి. తర్వాతవి చిరిగాయి. మందంవీ చిరిగినవీ పేర్రాజు పొట్టలోకే పోయాయి. అతనికి మాత్రం ఆ కుండ తెగ నచ్చింది. సాయంత్రానికి అదీ లొంగింది. తొలి మంచి రేకు గోదారమ్మకి వెళ్ళింది, మిగతావి పెళ్ళికి వెళ్ళాయి.

మంగాయమ్మ సెనగమ్మకి ఆల్చిప్పల పొడి పెట్టింది, నానబెట్టిన గింజలు పెట్టింది. పెట్టి, దూరంగా జరిగేది. చూడాలని ఎంత ఆశగా ఉన్నా, కన్నం దగ్గరికి పోకుండా తన చేతిని తనే పట్టుకునేది.

పిల్లలు పుట్టాయి. అన్నీ ఒక్కరోజున కాదు, గుడ్లు వచ్చిన వరసలోనే. పెద్దదానికి ఈకలొస్తుంటే చిన్నది ఇంకా గులాబిరంగు ముద్దే. మెట్లు మెట్లుగా నిలబడి కన్నంలోంచి తొంగి చూస్తుంటే కుండ మురిసిపోయింది. "ఇన్నేళ్ళూ నేను వీపు కాల్చుకుని పేరు తెచ్చుకున్నాను. కడుపు చల్లబడింది మాత్రం ఇప్పుడే" అంది.

ఆ తర్వాత మంగాయమ్మ గోరువెచ్చటి నీళ్ళు తెచ్చింది, సెనగమ్మ ముక్కు మీద ఎండిపోయిన బెల్లం తుడుద్దామని. సెనగమ్మ తల తిప్పేసుకుంది.

పైనుంచి ఆకాశం చిన్నబుచ్చుకుంది. "నేను పెట్టిన ముద్దు కనబడకుండా పోయిందే! నా నీలం నీకు బాగాలేదా?"

"బాగుంది ఆకాశమయ్యా. అది మా మగవాళ్ళకి ఉంచు" అంది సెనగమ్మ. "మాకు మామూలు రోజుల్లో ఏ లేతరంగైనా ఫర్వాలేదు. గుడ్ల వేళకి మాత్రం ఈ బెల్లం రంగు ఉండనీ. మనుషులకి మన మాట వినపడదు. కానీ కంటికి కనపడితే ఆగుతారు. మంచివాళ్ళే."

ఆకాశం ఆ మాటకి మళ్ళీ కిందికి వంగింది. సరేనంది.

అప్పటినుంచే మగ బడ్జీ ముక్కు నీలంగా ఉండిపోయింది. గుడ్లు పెట్టే వేళకి ఆడ బడ్జీ ముక్కు మాత్రం బెల్లం రంగుకి తిరుగుతుంది, నెయ్యీ బెల్లం ఎండినట్టు గరుగ్గా కూడా అవుతుంది. మీ ఇంట్లో పిట్టకి అలా అయిందనుకోండి, దిష్టి తీయకండి. ఇంట్లోని కన్నాల్లో దేన్ని మూయాలో, దేన్ని వదలాలో అప్పుడే చూసుకోండి. తను అప్పటికే ఒక చోట దూరి గుడ్లు పెట్టేసిందా, ఇక చెయ్యి వెనక్కి తీసుకోండి. సెనగమ్మ ఇప్పటికీ అదే చెబుతోంది: "లోపల నా పిల్లలున్నాయి. నిప్పు ఆర్పి, తొంగి చూడు."