సోఫా లోపలి పొర

అనగనగా, రాజులూ పోయి సింహాసనాలూ పోయి ఇంటింటికీ సోఫాలు వచ్చిన కాలంలో, కందులవాగు అనే ఊళ్ళో ఇద్దరు తోడల్లుళ్ళు ఉండేవారు. పెద్దల్లుడు హుస్సేనప్ప, చిన్నల్లుడు పీరయ్య. దూదేకి పరుపులు కుట్టే మామగారి దగ్గరే ఇద్దరూ పని నేర్చారు. పరుపులకు గిరాకీ తగ్గాక సోఫాలు కట్టడం మొదలుపెట్టారు. అంగళ్ళు ఎదురెదురే.

హుస్సేనప్ప పని తక్కువదేమీ కాదు. అతను బిగించిన చెక్క చట్రం ఎందరు కూర్చున్నా కిర్రుమనేది కాదు. అతని కుట్టు దారం పట్టి గీసినట్టుండేది. అయినా ఊరంతా పీరయ్య అంగడికే పోయేది. అక్కడి సోఫాలో కూర్చున్న ప్రతివాడూ "అబ్బ!" అని వెనక్కి వాలేవాడు.

ఆ మాట వీధి దాటి వచ్చి హుస్సేనప్ప చెవిలో సూదిలా దిగేది. తన సోఫాలో కూర్చున్నవాళ్ళు "గట్టిగా ఉంది" అనేవారు. దిండ్ల అంచులు తొడలకు గుచ్చుకునేవి. కొన్నాళ్ళకే పైగుడ్డ ముడతలు పడేది.

"ఒకే గురువు, ఒకే కత్తెర, ఒకే ఫోము. వాడికే ఎందుకంత పేరు?" అని పళ్ళు నూరేవాడు. కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు.

ఒకనాడు పీరయ్య అంగట్లోకి తలుపు సందులోంచి తొంగిచూశాడు. పీరయ్య ఫోము చుట్టూ తెల్లగా ఏదో చుట్టి, దానిమీద గుడ్డ తొడుగుతున్నాడు.

"ఓహో, దూది!" అనుకున్నాడు హుస్సేనప్ప. పరుగున ఇంటికి వచ్చి బూరుగుదూది తెచ్చి ఫోముమీద పరిచి సోఫా కుట్టేశాడు. వారం తిరక్కుండా దూదంతా ఉండలు కట్టింది. దాన్ని కొనుక్కున్న పంతులమ్మ వచ్చి, "ఇందులో చింతకాయలు దాచావా, హుస్సేనప్పా?" అని అడిగింది.

అది మామూలు దూది కాదనీ, దుప్పటిలా చుట్టలుగా వచ్చే పాలిస్టర్ దూది అనీ ఆ తర్వాత తెలిసింది. "వాడు ఒక పొర చుడితే నేను నాలుగు చుడతా!" అని పంతం పట్టాడు. ఈసారి సోఫా పూరీలా పొంగింది. దాన్ని కొన్నవాళ్ళింటికి పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనిషి కూర్చోగానే కుట్లు పటపటా తెగాయి, ఆయన జారి నేలమీద పడ్డాడు. వీధంతా పగలబడి నవ్వింది.

పీరయ్య నవ్వలేదు. వీధి దాటి వచ్చాడు.

"అన్నా, ఒక్క పొర చాలు. దాన్ని ముందంచు మీదుగా తిప్పి ఫోముకు అంటించాలి. మనిషి బరువు మోసేది ఫోమే. ఫోము మొరటుదనం గుడ్డకూ ఒంటికీ తగలకుండా ఆ పొర కాస్తుంది. రా, చూపిస్తాను."

"నా వెనకాల పని నేర్చినవాడివి, నువ్వు నాకు చూపిస్తావా?" అని హుస్సేనప్ప తలుపు వేసేసుకున్నాడు.

ఆ రోజుల్లోనే అతని భార్య మాబున్ని గడప దగ్గర కాలు జారి పడింది. విరిగిన తుంటి ఎముక అతికింది గానీ, గట్టి పీటమీద కూర్చుంటే ప్రాణం పోయినట్టయ్యేది. ఆమెకొక మెత్తని కుర్చీ కట్టాలని హుస్సేనప్ప అనుకుంటూనే ఉన్నాడు. కానీ ఎదురంగడి మీదే కన్నున్నవాడికి ఇంట్లో మూలుగు వినిపిస్తుందా?

ఇంతలో పీరయ్య అంగట్లో నెమలిరంగు గుడ్డతో ఒక చేతుల కుర్చీ తయారైంది. "సర్పంచిగారింటికే అయ్యుంటుంది" అని జనం చెప్పుకున్నారు. హుస్సేనప్ప ఓర్వలేకపోయాడు. శుక్రవారం మధ్యాహ్నం పీరయ్య మసీదుకు వెళ్ళగానే దొంగలా లోపలికి దూరాడు. దిండు తొడుగు జిప్పు తీసి, లోపలి పాలిస్టర్ పొరను పరపరా ఒలిచేశాడు. ఒట్టి ఫోముకే గుడ్డ తొడిగి, పొరను చంకన పెట్టుకుపోయి మురుక్కాలవలో పారేశాడు.

"రేపు సర్పంచి 'అబ్బ' అంటాడో 'అమ్మో' అంటాడో చూద్దాం!" అనుకుని చాలాకాలానికి కడుపునిండా అన్నం తిన్నాడు.

సాయంత్రం ఆ కుర్చీ వీధి దాటింది. సర్పంచి ఇంటికి కాదు, నేరుగా హుస్సేనప్ప ఇంటికే వచ్చింది!

పీరయ్య భార్య కుళ్ళాయమ్మ నవ్వుతూ లోపలికి వచ్చింది. "అక్కా, ఇది నీకే. ముందే చెబితే బావ వద్దంటాడని ఎవరికీ చెప్పలేదు. కూర్చో."

ఇరుగుపొరుగు చూడవచ్చారు. మాబున్ని మెల్లగా కూర్చుంది. అంచు తుంటికి ఒత్తుకుంది. పెదవి కొరుక్కుని, "బాగుంది, పీరయ్యా" అంది. కళ్ళలో నీళ్ళు మాత్రం ఆగలేదు.

పీరయ్య మోకాళ్ళమీద కూర్చుని దిండును అరచేత్తో నొక్కి చూశాడు. అతని ముఖం పాలిపోయింది. "తప్పు నాదే, వదినా. నా చేత్తోనే చుట్టానే... ఎలా మరిచానో!"

"పీరయ్య పనీ ఇంతేనన్నమాట" అని ఎవరో గొణిగారు.

ఆ మాట వినాలనే హుస్సేనప్ప ఏళ్ళ తరబడి కాచుకున్నాడు. ఇప్పుడు అది చెవిన పడితే నోట్లో బూడిద పోసినట్టయింది.

"వాడు మరవలేదు," అన్నాడు తల వంచుకుని. "ఆ పొర తీసేసింది నేను."

మాబున్ని అతనివైపు చూసింది.

"నీకని తెలీదు, మాబున్నీ. సర్పంచికనుకున్నా."

"ఇంకొకరికైతే నొప్పి పుట్టదా, అయ్యా?"

పీరయ్య లేచి బయటికి నడిచాడు. కోపంతో వెళ్ళిపోయాడనే అందరూ అనుకున్నారు. కాసేపటికి అతను పాలిస్టర్ దూది ముక్కతో తిరిగివచ్చి, దాన్ని హుస్సేనప్ప చేతుల్లో పెట్టాడు.

"నాకు కోపం లేదని అనను, అన్నా. కానీ వదిన నొప్పి ముందు తీరాలి. నువ్వే చుట్టు. నేను చెబుతాను."

హుస్సేనప్ప పీరయ్య చెప్పినట్టే ఒక్క పొర పరిచాడు, అంచు మీదుగా తిప్పాడు, అంటించాడు, తొడుగు వేశాడు. గుడ్డ ముడత లేకుండా నిండుగా కూర్చుంది. మాబున్ని కుర్చీలో వాలి, చెల్లెలి చేయి పట్టుకుని కబుర్లలో పడింది.

పీరయ్య పేరు ఆనాటినుంచి ఇంకా పెరిగింది. హుస్సేనప్ప అసూయ ఒక్కరోజులో పోలేదు. జనం ఎదురంగడికి పోతుంటే అప్పుడప్పుడూ గుండె చివుక్కుమనేది. అలాంటప్పుడు పళ్ళు నూరకుండా, చేతిలో పని పట్టుకుని వీధి దాటి, "తమ్ముడూ, ఇదెలా చేయాలో చెప్పు" అనేవాడు.

ఎదుటివాడి నేర్పును చూసి ఓర్వలేనివాడు తన ఇంటికే కీడు తెచ్చుకుంటాడు. అడిగి నేర్చుకున్నవాడే బాగుపడతాడు.