రాజుగారి భోజనం, కొండలమ్మ ఇల్లు

పేరు చెబితే వారసులు తగవుకొస్తారు గనుక, ఒకానొక రాజ్యం అనుకుందాం. దాని ఏలిక ఉద్దండవర్మ. ఆయనకు తన రాజముద్ర అంటే మహా గర్వం. ముద్ర పడితే పుచ్చు వంకాయ కూడా లేతదేననేవాడు.

ఆయన నేతగాళ్ల కోసం కొత్త వీధి కట్టించి, ఇళ్లు అమ్మకానికి పెట్టాడు. కట్టింది స్థపతి నాగలింగం. పరీక్షించిందీ ఆయనే. "నిక్షేపంగా ఉన్నాయి" అని రాసిచ్చిందీ ఆయనే. ఆ రాత మీద రాజు తన ముద్ర వేశాడు.

కొనడానికి వచ్చిన నేతగత్తె కొండలమ్మ చేతులు జోడించింది.

"మారాజా! మిద్దె కారిందంటే మగ్గం మీది నూలంతా పాడైపోద్ది. మా బతుకే ఆ మగ్గం. పొరుగూరి మేస్త్రి పీరయ్యకు ఓసారి చూపించి కొనుక్కుంటాను."

రాజు మండిపడ్డాడు. "నా ముద్ర పడ్డ ఇంటికి పరీక్షా? రేపు పొద్దుగూకేలోగా నోరుమూసుకుని కొను. లేదా ఊరు విడిచి పో!"

కొలువులో ఉన్న విదూషకుడు మల్లుభట్టుకు జాలేసింది. ఎదురు చెప్పాలంటే భయమే. కిందటేడు ఎదురు చెప్పిన మంత్రి ఇంకా గజశాలలో ఏనుగుల తోకలు దువ్వుతున్నాడు. అయినా కొండలమ్మ ముఖం చూశాక ఊరుకోలేకపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం రాజు భోజనానికి కూర్చున్నాడు. పనసపొట్టు కూర ఘుమఘుమలాడుతోంది. ముద్ద కలిపి, ఆగాడు.

"ముందుగా రుచి చూసే వెంకడేడీ?"

"ఇంటికి పంపేశాను ప్రభూ. వాడితో ఇక పనేముంది? వండిన అప్పన్నే రుచి చూసుకుని, బాగుందని తాటాకు మీద రాసిచ్చాడు" అన్నాడు మల్లుభట్టు.

"వండినవాడు తన వంట బాగాలేదంటాడుటయ్యా! అప్పన్న మంచివాడే, కాదన్ను. కానీ నోట్లో పెట్టుకునేది నేను. వేరేవాడు చూడందే ముద్ద ఎత్తను!"

"చిత్తం. కొండలమ్మ అన్నదీ అదే ప్రభూ. ఆ ఇంట్లో కాపురం ఉండేది ఆవిడ."

రాజు ముద్ద వంక చూశాడు, మల్లుభట్టు వంక చూశాడు. మల్లుభట్టు కళ్ల ముందు ఏనుగుల తోకలు ఊగాయి. రాజు కడుపులో ఆకలి నకనకలాడింది.

"సరే, వెంకణ్ణి పిలు. ఆ పీరయ్యనూ పిలు" అని గొణిగాడు రాజు.

సాయంత్రం పీరయ్య కొండలమ్మ కొనబోయే ఇంటి మిద్దె ఎక్కి నాలుగు బిందెల నీళ్లు కుమ్మరించాడు. కింద గదిలో రాజు పక్కన నిలబడి నాగలింగం, "చుక్క దిగితే నా పేరు మార్చుకుంటాను" అంటూండగానే నీళ్లు ధార కట్టి ఆయన తలపాగాను తడిపేశాయి.

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. పీరయ్య చూపిన లోపాలన్నీ వానలు పడకముందే స్థపతి చేతనే బాగు చేయించాడు. ఇల్లు కొనేవాళ్లు తమకు నచ్చిన మేస్త్రికి చూపించుకోవచ్చని దండోరా వేయించాడు. కొండలమ్మ ఆ ఇల్లు కొనుక్కుని నిశ్చింతగా మగ్గం నిలబెట్టుకుంది. మల్లుభట్టు మనసు కుదుటపడింది.

"మల్లుభట్టూ! ఆ వీధి చివరి ఇల్లు నీకు బహుమానం" అన్నాడు రాజు.

"మహాప్రసాదం ప్రభూ! పీరయ్య మిద్దె ఎక్కి చూశాక ముహూర్తం పెట్టించుకుంటాను."

రాజు పగలబడి నవ్వి, "పదవయ్యా, నిచ్చెన నేను పట్టుకుంటాను" అన్నాడు.