పెంపు మీద పెంపు

గుట్ట కింద చేలల్లో వేరుశనగ పీకేసిన ఆ రోజులే వేరు. మట్టిలో పచ్చికాయ వాసన ఇంకా పోకముందే జంతువులన్నీ పరిగె ఏరుకునేవి. పొద్దు వాలాక నక్క, ముసలి ఎద్దు, చెవులపిల్లి పీకేసిన తీగల కట్టెవామి పక్కన చేరేవి. కావలివాళ్లు మరిచిపోయిన పేక వాటికి దొరికింది. పందెం ఏరుకున్న కాయలే.

తలకి రెండు ముక్కలు. అవి చూసుకుని కాయలు ఒడ్డాలి. ఎవరైనా పెంచితే మిగతావాళ్లూ అంతే ఒడ్డాలి, లేదా ముక్కలు పడెయ్యాలి. ఆ తర్వాతే మధ్యలో అందరికీ కలిపి మూడో ముక్క తిప్పేది; పెద్ద జత ఉన్నవాడిదే కుప్ప.

కానీ అంతదాకా ఎప్పుడొచ్చింది గనక!

"పది!" అని నక్క అరిచేది.

"నాకెందుకొచ్చిన గోల," అని ఎద్దు ముక్కలు పడేసేది. దాని వెనకే చెవులపిల్లి. నక్క నవ్వుకుంటూ కాయలు ఊడ్చుకునేది.

చెవులపిల్లి బొరియలో ముప్పై కాయలు మిగిలాయి. వానలు పడేదాకా తనకీ ఇద్దరు చెల్లెళ్లకీ అదే తిండి. ఓ మధ్యాహ్నం అది ఒంటరిగా పేక పంచుకుని లెక్క కట్టింది. రెండు ముక్కలూ జత పడేది పదిహేడు ఆటలకి ఒక్కసారి. మరి నక్క మామ ప్రతి ఆటా పెంచుతాడేం?

"తాతా, నేనూ ప్రతిసారీ పెంచనా?" అని ఎద్దునడిగింది.

"అప్పుడు నువ్వూ నక్కవే. నీ అరుపు ఎవడు నమ్ముతాడు?"

చెవులపిల్లి ఓపిక పట్టింది. మంచి జత పడితే ఆడి చూపించేది. లేకపోతే మెదలకుండా పడేసేది.

"ఏరా అల్లుడూ, చెవులంత లేదే నీ గుండె!" అని నక్క ఎగతాళి చేసేది.

ఓ సాయంత్రం దానికి ఆసు, నాలుగు పడ్డాయి, జత కాదు.

"పది!" అంది నక్క. ఎద్దు పడేసింది. ఇక మాట్లాడాల్సింది తనొక్కటే. అన్నిటికన్నా పెద్ద ముక్కైన ఆసు ఒకటి తన దగ్గరుంది, నక్కకి ఆసుల జత పడే వీలు సగానికి సగం తగ్గినట్టే. చెవులపిల్లి బొరియ నుంచి తెచ్చిన ముప్పై కాయల కుప్పంతా ముందుకి తోసింది.

"నీ పది మీద ముప్పై, మామా."

నక్క ఆ కుప్ప మీదికి వంగి చూసింది. "ఏంట్రా, జతేనా?"

"ఒడ్డి చూడు."

"నువ్వు ఉత్తినే పెంచవు కదరా..."

"అదీ నువ్వే చెప్పాలి."

నక్క తన ముక్కలు మళ్లీ చూసుకుంది. గొణుక్కుంటూ పడేసింది. "పోనీ, ఒక్కసారి చూపించరా!"

"చూడ్డానికీ ఒడ్డాలి మామా," అంటూ చెవులపిల్లి తన రెండు ముక్కలూ పేకలో కలిపేసింది.

ఆ మర్నాటి నుంచి నక్క నోటి వెంట "పది" తేలిగ్గా వచ్చేది కాదు. మూడో ముక్క తిరగడం మొదలైంది, ఎద్దు కూడా సరదాగా ఆడింది. తర్వాత వానలొచ్చాయి, చేను దున్నేశారు, పేక నానిపోయింది. ఎన్నేళ్లయినా దారిలో కనబడితే నక్క అడుగుతూనే ఉంది, "ఒరే అల్లుడూ, ఆ రోజు నీ ముక్కలేంట్రా?" అని. చెవులపిల్లి నవ్వి గంతేస్తుంది. నక్క అక్కడే నిలబడి బుర్ర గోక్కుంటుంది.

నీతి: ఊరికే పెంచేవాడి మీద, ఊరికే పెంచడని పేరున్నవాడు అదను చూసి ఒక్కసారి పెంచితే చాలు.