ఆకుపచ్చ బండి

గంగాధరం దినకార్యం అయిన మర్నాడు సూరిబాబు మఠానికి వెళ్ళాడు. వెళ్ళాడన్నమాటే గాని, బండి దిగి గుమ్మం దాకా రావడానికి అతనికి చాలాసేపు పట్టింది.

మఠమంటే పెద్ద కట్టడమేమీ కాదు. కడియం దగ్గర కాలవగట్టు మీద ఒక పెంకుటి గది, ముందు చిన్న వసారా. పేరయ్య గురువుగారు ఒకప్పుడు ఆ కాలవలోనే పడవ నడిపినవారు. లారీలొచ్చి పడవలు ఆగిపోయాక గట్టెక్కి అక్కడే ఉండిపోయారు. ఆదివారాలు నర్సరీల్లో పనిచేసేవాళ్ళూ, మొక్కలు తోలేవాళ్ళూ పదిమంది వచ్చి చుట్టూ కూర్చుంటారు. ఆయన ఒక తత్వం పాడి, ఒకటో రెండో మాటలు చెబుతారు. సూరిబాబూ గంగాధరమూ ఇరవై ఏళ్ళుగా అక్కడ పక్కపక్కన కూర్చుని విన్నవాళ్ళు.

ఆ రోజు గురువుగారు చేటలో బియ్యం ఏరుకుంటున్నారు. సూరిబాబు దణ్ణం పెట్టి ఎదురుగా చతికిలబడ్డాడు. ఆయన తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ బియ్యంలోకి వంగారు. చెప్పమని అర్థం.

సూరిబాబు మొదటినుంచీ చెప్పుకొచ్చాడు.

కిందటేడు ఒక కొత్త కంపెనీ కరెంటు బండి తెచ్చింది. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనక మొక్కలు ఎక్కించుకునే తొట్టి. దానికి రంగనేది ఉండదు. ఒళ్ళంతా వట్టి స్టీలు. తోమి బోర్లించిన బిందెలా మెరుస్తుంది. చుట్టుపక్కల లంకల్లో అందరికంటే ముందు దాన్ని కొన్నవాడు సూరిబాబు. లోడుతో అది చప్పుడు లేకుండా పోతుంటే బస్సు కోసం నిలబడ్డవాళ్ళు తిరిగి తిరిగి చూసేవారు. బండిని చూస్తుంటే తనని చూస్తున్నట్టే ఉండేది అతనికి. అతని మాట మీద గంగాధరం కూడా, అంతవరకూ తొక్కుతున్న మూడు చక్రాల రిక్షా అమ్మేసి, అలాంటిదే కొన్నాడు. తర్వాత ఇంకో తొమ్మిదిమంది కొన్నారు.

హైవే పక్కన బళ్ళకి ఛార్జింగు పెట్టే చోట ఒక టీకొట్టు ఉంది. ఛార్జింగు ఎక్కేదాకా ఓనర్లందరికీ అదే కాలక్షేపం. ఫోన్లో ఒక గ్రూపు కూడా పెట్టుకున్నారు. అక్కడా ఇక్కడా ఒకటే వాదన. స్టీలు మీద చెయ్యి పడితే ముద్ర పోవట్లేదని ఒకడు. నర్సరీ నీళ్ళు చింది మచ్చలు కట్టాయని ఇంకొకడు. ఇది బండా, బీరువానా అని నవ్వేవాడొకడు. ఈ ధరకి రెండు డీజిలు బళ్ళు వచ్చేవని మరొకడు.

సూరిబాబు ఎవరినీ వదిలేవాడు కాదు. రంగైతే వెలిసిపోతుంది, స్టీలు వెలవదనేవాడు. ధర సంగతి ఇవాళ కాదు, పదేళ్ళు పోయాక మాట్లాడమనేవాడు. బండిని ఒక మాటంటే ఇంట్లో మనిషిని అన్నట్టు అతని ముఖం ఎర్రబడేది.

మాఘమాసంలో ఒక పొద్దున గంగాధరం టీ తాగుతూ మామూలుగా అన్నాడు, మరకలు మరీ ఎక్కువైపోతున్నాయి, ధర కూడా ఎక్కువే పెట్టేశామేమో, నేను మాత్రం రంగు వేసేస్తానని. సూరిబాబు నచ్చజెప్పి చూశాడు. గంగాధరం అన్నీ విని, లేదురా, వేసేస్తాను అనే అన్నాడు. పదిమంది ఎదుట, అందులోనూ తన మాట మీద కొన్నవాడు అలా అనేసరికి సూరిబాబుకి ఒళ్ళు మండింది.

"రిక్షా తొక్కుకునేవాడికి స్టీలు విలువేం తెలుస్తుందిలే," అన్నాడు.

అందరూ నవ్వారు. గంగాధరం కూడా కొంచెం నవ్వాడు. సగం టీ ఉండగానే గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

వారం తిరిగేసరికి అతని బండి ఆకుపచ్చగా కనబడింది. షెడ్డులో ఇచ్చి వేయించింది కాదు, ఇంటి దగ్గర తనే బ్రష్షు పట్టుకుని వేసుకున్నది. సూరిబాబు దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టాడు. కింద 'గడ్డిమోపు' అని రాశాడు. గంగాధరం చూశాడని ఫోన్లో తెలిసింది. బదులు మాత్రం రాయలేదు.

ఆ తర్వాత మూడు నెలలు ఇద్దరికీ మాటల్లేవు. లోడులున్నాయని చెప్పి సూరిబాబు ఆదివారాలు మఠానికి రావడం కూడా మానేశాడు.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం గంగాధరం నర్సరీలో గులాబీ మొక్కలు ఎక్కిస్తూ, కాస్త ఆయాసంగా ఉందని బండికి జారబడి కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. నలభై ఆరేళ్ళు.

ఇక్కడిదాకా సూరిబాబు తడుముకోకుండా చెప్పాడు. ఆ పైన మాటలు చేటలోకి చూస్తూ అన్నాడు.

"శవాన్ని ఆ బండిలోనే తీసుకెళ్ళారండి. నేను వెనకాలే నడిచాను. వాడి ముఖం చూడాల్సింది పోయి రంగు చూశానండి. బ్రష్షు గీతలెక్కడ పడ్డాయో, ఎక్కడ పల్చబడిందో, అదే చూస్తూ నడిచాను. వద్దని చెప్పానా లేదా అని లోపల అనుకున్నాను కూడా. నిప్పు పెట్టేదాకా అదేనండి. ఇదేం మనిషినండీ నేను?"

గురువుగారు చేట పక్కన పెట్టారు.

"బండి తెచ్చావా?"

"తెచ్చానండి."

"పద."

ఎక్కడికో చెప్పలేదు. క్యాబిన్లో కూర్చుని కాలవ వైపు చూస్తూ ఊరుకున్నారు. బుర్రిలంక మలుపు వచ్చినప్పుడు మాత్రం చేత్తో అటు చూపించారు. అది గంగాధరం ఇంటి దారి. సూరిబాబు బండి నెమ్మది చేసి, వాళ్ళావిడకి ముఖం ఎలా చూపించనండీ అన్నాడు. గురువుగారు చెయ్యి దించలేదు.

మిట్టమధ్యాహ్నం. రోడ్డుకి రెండు పక్కలా నర్సరీల్లో నీళ్ళు కొట్టి వదిలిన మొక్కలు ఎండలో ఆవిర్లు కక్కుతున్నాయి. బండి గంగాధరం ఇంటి ఆవరణలోకి తిరిగింది. ఆకుపచ్చ బండి పక్కగా తాటాకు పందిరి కింద నిలబెట్టి ఉంది. గంగాధరం భార్య కనకరత్నం వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

సూరిబాబు బండిని వసారాకి ఎదురుగా ఆపాడు. ఆపీ ఆపగానే ఆమె "అమ్మా" అని, కొంగు ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగిపోయింది.

సూరిబాబు దిగలేదు. కోపం ఉండదా మరి అనుకున్నాడు. అంతమందిలో తన మొగుణ్ణి అంత మాటన్నవాడు గుమ్మంలోకొస్తే ఏ మనిషి ముఖం చూస్తుంది? బండి వెనక్కి తీద్దామనుకునే లోపల గురువుగారు దిగిపోయారు.

ఆయన తన భుజం మీది కండువా తీశారు. దాన్ని దులిపి, రెండు చేతులా పట్టుకుని, బండి ముందు భాగం మీద పరిచారు. గాలికి లేచిపోకుండా అంచులు అద్దం కిందికి దోపారు. అది చాల్లేదు. పక్క తలుపు ఇంకా మెరుస్తూనే ఉంది. గురువుగారు సూరిబాబు వైపు చెయ్యి చాచారు. సూరిబాబు తన మెడలోని తువ్వాలు తీసి ఇచ్చాడు. దాన్ని కిటికీలోంచి వేలాడేసి తలుపు కప్పేశారు.

అప్పుడు ఆమె కొంగు కొద్దికొద్దిగా దించింది. రెండు కళ్ళూ ఎర్రగా వాచి ఉన్నాయి. చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఎవరండీ?" అంది.

"నేనమ్మా, పేరయ్యని. సూరిబాబొచ్చాడు."

"అన్నయ్యగారాండీ? రండి, కూర్చోండి," అని తడుముకుంటూ చాప వాల్చింది. "మీ బండనుకోలేదండి. వెలుతురు ఒక్కసారి కళ్ళల్లో కొట్టేసరికి తట్టుకోలేకపోయాను. ఏమీ అనుకోకండి."

సూరిబాబు చాప మీద కూర్చోలేదు, మెట్టు మీదే కూర్చున్నాడు. కళ్ళకేమైందమ్మా అని మాత్రం అడగగలిగాడు.

ఆమె చెప్పింది. చలికాలంలో కాగితంపూల మొక్కలు సర్దుతుంటే ముల్లు కంట్లో గీరుకుంది. ఒక కంటిది రెండో కంటికీ పాకింది. మందులేస్తే నిదానంగా కుదురుతుంది గాని మెరుపు కంట పడకూడదని రాజమండ్రి డాక్టరుగారు అన్నారు. ఆమె గులాబీ అంట్లు కట్టే మనిషి. ఆ పనికి చూపే ఆధారం. కళ్ళు బాగాలేవని తెలిస్తే యజమాని పనిలోంచి తీసేస్తాడని మొగుడూ పెళ్ళాం ఎవరికీ చెప్పలేదు. నర్సరీలో మొక్కలకి ఎండ తగలకుండా కట్టిన ఆకుపచ్చ నెట్టు నీడన పరవాలేదు. రోజూ బండిలో వెళ్ళి రావడమే నరకం. ఎదురుగా ఆ స్టీలు మీద ఎండ పడి సూదులు గుచ్చినట్టుండేది. ఇంటికొస్తే మళ్ళీ గుమ్మంలో అదే బండి.

"నెట్టు కింద నీకు హాయిగా ఉంటుంది గదా, ఆ రంగే వేసేస్తానన్నారండి. కొత్త బండి, నలుగురూ నవ్వుతారండీ అంటే, మరకలు పడుతున్నాయని చెబుతాన్లే అన్నారు. అన్నయ్యగారికి ఒక్కరికి మాత్రం అసలు సంగతి చెప్పేస్తానన్నారు. నేనే ఆపానండి. అన్నయ్యగారు ఎలాగూ వస్తారు కదా, వచ్చినప్పుడు నెమ్మదిగా చెబుదురుగాని అన్నాను."

సూరిబాబు ఇంకో మెట్టు కిందికి దిగి కూర్చున్నాడు.

"మీరు మా బండి ఫొటో గ్రూపులో పెట్టారట కదండీ. నాకు ఫోను చూడ్డం కుదరదు. ఏం రాశారండీ అనడిగితే, మన బండి బాగుందని రాశాడే అన్నారు. మీరు మెచ్చుకున్నారని నేనూ సంతోషించానండి." ఆమె పందిరి వైపు తిరిగింది. "నేను దాన్ని సరిగ్గా చూసిందీ లేదు. నిజంగా బాగుందాండీ, అన్నయ్యగారూ?"

పందిరి కింద ఆకుపచ్చ బండి నిలబడి ఉంది. తలుపు మీద బ్రష్షు గీతలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. చక్రం పైన రంగు కారి, చుక్కలు చుక్కలుగా ఆరిపోయింది. సూరిబాబు చాలాసేపు చూశాడు.

"బాగుందమ్మా," అన్నాడు. "చాలా బాగుంది."

ఆమె తల ఊపి, మందు వేసుకునే వేళయిందని చెప్పి లోపలికి వెళ్ళింది.

బండి తియ్యాలంటే గుడ్డలు తియ్యాలి. ఎండ ఇంకా నిట్టనిలువునా ఉంది. సూరిబాబు లేవలేదు. గురువుగారూ తొందరపెట్టలేదు. నీడ వసారా దాటి, ఆవరణలోకి దిగి, బండి చక్రాల దాకా పాకేవరకూ ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. మధ్యలో ఒకసారి ఆమె మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఎండ పూర్తిగా వాలాక సూరిబాబు లేచి కండువా తీసి మడతపెట్టాడు. గురువుగారికి రెండు చేతులా అందిస్తూ, గొంతు తగ్గించి అడిగాడు.

"ఈ సంగతి వాడు మీకు చెప్పాడాండీ?"

"చెప్పాడు."

"ఎప్పుడండీ?"

గురువుగారు కండువా భుజాన వేసుకున్నారు.

"రంగెందుకేశావురా అని అడిగాను. అప్పుడు."