రాణిగారి అత్తరు

రాణి పోయాక, ఆమె పూసుకునే అత్తరు వాసన మళ్ళీ చూసేదాకా పాలూ పళ్ళూ తప్ప ముద్ద ముట్టనని రాజు పట్టుబట్టాడు. అది గంధం, వట్టివేరు, మొగలి నూనెల కలయికే. పాళ్ళు మాత్రం రాణితోనే పోయాయి. మంత్రి ఆ మూడింటినీ వేలరకాల పాళ్ళలో కలిపించి, ఒక్కోదాన్నీ ఒక్కో జాడీలో దాచాడు. జాడీలకు చోటు చాలక అత్తరువాళ్ళ వీధి ఖాళీ చేయించాడు.

ఇల్లు పోయిన ముసలి గవరమ్మ మూడు బుడ్లతో కొలువుకొచ్చింది.

"కలిపినవన్నీ దాచడమెందుకు మహాప్రభూ? ఈ మూడుంటే అన్నీ ఉన్నట్టే. వాసన చూస్తూ ఏది తగ్గిందో చెప్పండి, కలుపుతాను."

రాజు చెబుతుంటే చుక్కచుక్కా వేస్తూ పోయింది. చివరికి రాజు కళ్ళు చెమర్చాయి.

"ఇదే! కానీ ఇంకా ఏదో తక్కువైంది."

"చూశారా ప్రభూ, ఇంకా జాడీలు కావాలి. పక్క వీధి కూడా ఖాళీ చేయిస్తాను," అన్నాడు మంత్రి.

గవరమ్మ తల అడ్డంగా ఊపింది. "తక్కువైంది అమ్మగారి ఒంటి వెచ్చదనం, బాబూ. ఊరంతా ఖాళీ చేయించినా ఆ జాడీ దొరకదు."



"అత్తరువాళ్ళ ఇళ్ళు వాళ్ళకిచ్చెయ్యండి," అన్నాడు రాజు లేస్తూ. "నా ఇల్లు ఎలాగూ తిరిగి రాదు."