నీళ్లలో తేలిన పెట్టె

అందరి చేతా మంచివాడనిపించుకోవాలని తాపత్రయపడే ఫాదర్ లూర్దయ్య, కొండ్రుపాలెం చర్చిని చూసుకునే విచారణ గురువు వైద్యానికి వెళ్లడంతో నెల రోజులు పూజలు చేయడానికి ఆ గుడికి వచ్చాడు. ఆయన ప్రసంగాలు గొప్పగా ఉండేవి. “సిలువ కింద పెద్దా చిన్నా లేదు. గోడలు కట్టింది మనమే, కూల్చాల్సిందీ మనమే” అని గొంతెత్తి చెప్పేవాడు. ఊరివాళ్లు తలలూపేవారు. పేటవాళ్లు కళ్లు తుడుచుకునేవారు.

ఆ ఊరి సమాధుల తోటలో నిజంగానే ఒక గోడ ఉండేది. మెట్ట వైపు రెడ్లను పూడ్చేవారు. కాలువ పక్కనున్న పల్లమేమో పేటలోని దళితులకు. అందరూ ఒకే గుడిలో ఒకే సత్ప్రసాదం తీసుకునేవారు. చచ్చాక మాత్రం కులం గుర్తుకొచ్చేది.

ఫాదర్ తన ఊరికి బయలుదేరాల్సిన రోజు తెల్లవారేసరికి పేటలో మార్తమ్మ అనే ముసలామె చనిపోయింది. వారంగా ఒకటే వాన. ఆమె కొడుకు దావీదు తడిసిన బట్టలతోనే ఫాదర్ గదికి వచ్చాడు. మెట్ట వైపు గేటు తాళం దగ్గరుంచుకునే గుడి పెద్ద రాయపరెడ్డి అప్పటికే అక్కడ కూర్చుని ఉన్నాడు.

“పల్లంలో తవ్వేకొద్దీ నీళ్లు ఊరుతున్నాయి ఫాదర్. అమ్మను మెట్టన పెట్టనివ్వమని మీరొక్క మాట చెప్పండి” అన్నాడు దావీదు.

రాయపరెడ్డి నవ్వాడు. “మీ నాన్న పల్లంలోనే ఉన్నాడు కదరా. మీ అమ్మకు మొగుడి పక్కన చోటు చేదయిందా?”

దావీదు ఫాదర్ వంకే చూస్తున్నాడు. ఫాదర్ గొంతు సవరించుకున్నాడు. “నేను సాయంత్రం వెళ్లిపోయేవాణ్ణి నాయనా. సోమవారం మీ గురువుగారు వస్తారు. ఆయనతో మాట్లాడు.”

“శవం సోమవారం దాకా ఆగదు ఫాదర్.”

ఫాదర్ తల వంచుకుని సూట్‌కేసు సర్దుకోసాగాడు.

మధ్యాహ్నం గోతి దగ్గర ఆయనే ప్రార్థన చదివాడు. “ఎంత తోడినా ఇంతేనయ్యా, బావి తవ్వినట్టుంది” అన్నారు తవ్వినవాళ్లు. తాళ్లతో పెట్టె దించారు. అది మునగలేదు. బురదనీళ్లలో తేలి, ఒక పక్కకు ఒరిగింది. గెడలతో నొక్కారు. మళ్లీ లేచింది. చివరకు దావీదు గోతిలోకి దిగాడు. తల్లి పడుకున్న పెట్టె మీద రెండు కాళ్లూ మోపి నిలబడ్డాడు. అది మెల్లగా మునిగింది. “మట్టి వేయండి” అన్నాడు.

ఫాదర్ ప్రార్థన పుస్తకం మీంచి తలెత్తాడు. గోడ అవతల మెట్ట నేల ఖాళీగా ఉంది.

సాయంత్రం రాయపరెడ్డి తన కారులో ఆయన్ను స్టేషనుకు తీసుకెళ్లాడు. పేట నుంచి ఒక్కరూ సాగనంపడానికి రాలేదు.

“పొద్దున నాకు గుండె దడదడలాడిందనుకోండి ఫాదర్‌గారూ” అన్నాడు రాయపరెడ్డి. “మీరు గట్టిగా ఒక్క మాటంటే తాళం తీసేవాణ్ణి. గురువు మాట కాదన్నానని తెలిస్తే మా అమ్మ నాకు అన్నం కూడా పెట్టదు. తీరా చూస్తే మీరే ఊరుకున్నారు. అంత చదువుకున్న మీరే ఊరుకున్నారంటే, మా పద్ధతిలో తప్పు లేదని ధైర్యం వచ్చింది.”

“కారు వెనక్కి తిప్పండి” అన్నాడు ఫాదర్.

“ఎందుకండీ? పూడ్చేశారుగా.”

అన్యాయం ఎదుట మంచివాడు నోరు మూసుకుంటే, ఆ మౌనమే అన్యాయం చేసేవాడికి ధైర్యమవుతుంది.