కనకం ఎవరి తాలూకు?

అనగనగా ఒక ఊళ్ళో అని మొదలుపెడదామంటే, ఈ కథలో వాళ్ళకి ఊరే లేదే అమ్ములూ. ఊరు వెతుక్కుంటూ తిరిగిన వాళ్ళ కథ ఇది. కాళ్ళు ఆడించకుండా పడుకుంటేనే చెప్తాను. ఈ కథ చెప్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది, మధ్యలో నువ్వు కూడా విసిగించకు.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక పెద్ద పట్నం. ఆ పట్నంలో అప్పలసూరి అని ఒకడు, అతని పెళ్ళాం పైడమ్మ, వాళ్ళకి కనకం అని ఒక్కగానొక్క కూతురు. అప్పలసూరి కాలిపోయిన మోటార్లకి రాగి తీగ చుట్టి మళ్ళీ తిరిగేలా చేసేవాడు. మంచి పనివాడు. పైడమ్మకి నోరు ఎక్కువ, మనసు అంతకన్నా ఎక్కువ.

ఆ పట్నంలో రేవుకి ఓడల మీద బొగ్గు వచ్చేది. ఆ బొగ్గు నుసి గాల్లో లేచి ఇళ్ళ మీద పడేది. ఆరేసిన బట్టలు నల్లగా, అన్నం గిన్నె మూత నల్లగా, పిల్లల ముక్కులు నల్లగా. కనకానికి ఆయాసం పట్టుకుంది. పాపం, నీ అంత పిల్ల. మూడు మాటలు కలిపి చెప్పలేదు. "అమ్మా" అని ఆగేది, "ఆకలి" అని ఆగేది, ఆ తర్వాత "వేస్తోంది" అనేది. పిల్ల గుండెలు పిల్లిలా గురగురమంటుంటే పైడమ్మ వింటూ కూర్చునేది.

డాక్టరు చూసి, "ఈ గాలిలో ఉంచితే పిల్ల దక్కదు. పచ్చగా ఉండే చిన్న ఊరు ఏదైనా చూసుకుని వెళ్ళిపొండి" అన్నాడు. చెప్పడానికేం, చెప్పేశాడు. ఊరంటే సంతలో వంకాయలా, ఏరుకుని సంచిలో వేసుకోడానికి?

అప్పుడు వాళ్ళు రెండు మూటలు కట్టుకుని, మోటారు సామాన్ల పెట్టె పట్టుకుని బస్సెక్కారు.

మొదటి ఊరు పేరు నేను చెప్పను. ఆ పేరు నా నోట పలకడం నాకిష్టం లేదు. ఊరి మొదట్లో సిమెంటు ద్వారం, దాని మీద 'స్వాగతం' అని ఇంతింత అక్షరాలు. చుట్టూ జీడిమామిడి తోటలు. ఎంత చల్లటి గాలో! బస్సు దిగగానే కనకం ఒకసారి నిండుగా ఊపిరి పీల్చింది. పైడమ్మ మొహం విప్పారింది.

ఊళ్ళో ముగ్గురు రైతుల మోటార్లు కాలిపోయి ఉన్నాయట. అప్పలసూరికి ఆ పని వచ్చని తెలిసి, ఇంకా కాళ్ళయినా కడుక్కోనివ్వకుండా వాటిని ఎత్తుకొచ్చి అతని ముందు పడేశారు. పొద్దుపోయేదాకా కూర్చుని అతను అన్నీ బాగుచేశాడు. నీళ్ళు బొళబొళమని పొలాల్లో పడ్డాయి. అందరూ బుజం తట్టారు. ఆ తర్వాత అతను, "ఉండడానికి ఒక ఇల్లు చూపించండి బాబూ" అన్నాడు.

అంతే. నవ్వే మొహాలన్నీ ఒక్కసారి బిగుసుకున్నాయి.

ఖాళీగా ఉన్న ఇంటాయన ముందుకొచ్చి, "దానికేటి, ఇస్తాం. ఇంతకీ మీరు ఎవరి తాలూకు?" అన్నాడు.

మన వైపు ఆ మాట నీకు తెలుసుగా. ఎవరి తాలూకు అంటే, మీరు ఎవరివాళ్ళు, ఏ కులం, ఎవరి చుట్టాలు అని. సూటిగా అడగడానికి మొహం చెల్లక ఈ మాట కప్పుకుని అడుగుతారు. అప్పలసూరి పట్నంలో పుట్టి పెరిగినవాడు. వాడికేం తెలుసు? తాలూకా ఆఫీసు సంగతి అడుగుతున్నారనుకుని తమ తాలూకా పేరు చెప్పాడు.

ఇంటాయన నవ్వి, "అది కాదు. ఇంటిపేరేటి?" అన్నాడు. ఇంటిపేరు చెప్పాడు. ఇక చూసుకో, వాళ్ళ అవస్థ! ఆ ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంది. ఒకడు ఇలాగంటాడు, ఒకడు అలాగంటాడు. ఇంకొకడు చల్లగా వచ్చి, "మీ ఆడాళ్ళ పుట్టిల్లెక్కడ?" అంటాడు. మరొకడు, "మీ పెళ్ళి ఎవరు చేయించారు?" అంటాడు. పోలీసులు దొంగని పట్టుకున్నప్పుడు కూడా అన్ని ప్రశ్నలు అడగరు. అక్కడ కనకం అరుగు మీద కూర్చుని దాహం దాహం అంటుంటే ఒక్కడు గ్లాసుడు నీళ్ళు తేలేదు. ఏ గ్లాసులో ఇవ్వాలో వాళ్ళకి ఇంకా తేలలేదు మరి!

పైడమ్మ లేచింది. "మా ఆయన చేతులు ఎవరి తాలూకో అడక్కుండానే మోటార్లు ముట్టనిచ్చారు గదా బాబూ. ఆ నీళ్ళు పొలానికి పారితే పరవాలేదు గానీ, మేం మీ గుమ్మం ఎక్కితే మైలా?" అంది. పిల్లని చంకనేసుకుని నడిచింది.

ఏమిటే, ఏమన్నావు? "ఇంతకీ వాళ్ళు ఎవళ్ళు అమ్మమ్మా" అనా? అదిగో! నువ్వూ అడిగావా? నా పక్కలో పడుకుని, నా చేతి ముద్దలు తిని, నువ్వూ అదే అడుగుతావుటే! నేను చెప్పను. నీకు పెళ్ళయి పిల్లలు పుట్టినా చెప్పను. పిల్లకి ఊపిరాడట్లేదంటే ముందు ఊపిరి సంగతి అడగాలి. సరేలే, మూతి ముడవకు. ఇటు తిరుగు.

ఆ తర్వాత వాళ్ళు రెండో ఊరు వెళ్ళారు. దాని పేరూ చెప్పను. ఆ ఊళ్ళో కొబ్బరిచెట్లు, మంచి బడి, ఒక కాంపౌండరు కూడా ఉన్నాడు. ఆయాసం పిల్లకి మందిచ్చేవాడు దగ్గరుంటే ధైర్యం కదా అని పైడమ్మ ముచ్చటపడింది.

బస్టాండు దగ్గర టీకొట్టతను వీళ్ళ కథంతా విని జాలిపడ్డాడు. "ఇక్కడ కూడా అడుగుతారమ్మా. నా మాట విని, ప్రెసిడెంటు గారి తాలూకు అని చెప్పేయండి. నోరెత్తకుండా ఇల్లిస్తారు" అన్నాడు. పైడమ్మకి ఇష్టం లేదు. అప్పలసూరి మాత్రం పిల్ల మొహం చూసి తలూపాడు. అబద్ధమే. కానీ కన్నవాడి కడుపు అలాంటిది.

నిజంగానే ఇల్లు దొరికింది. పెరట్లో జామచెట్టు కూడా ఉంది. పైడమ్మ పొయ్యి పెట్టుకుంది, గుమ్మానికి పసుపు రాసుకుంది. కనకం జామకాయలు కోసుకుంటూ తిరిగింది. హమ్మయ్య అనుకున్నారు.

కానీ ఆ ఊళ్ళో ఎవరి తాలూకు అంటే కులం కాదే అమ్ములూ, ఇంకో రోగం. ఊరు రెండు ముక్కలు. సగం ఊరు ఇప్పటి ప్రెసిడెంటుది, సగం ఊరు పాత ప్రెసిడెంటుది. వీళ్ళ కుళాయి వేరు, వాళ్ళ కుళాయి వేరు. వీళ్ళ కిరాణా కొట్టు వేరు, వాళ్ళది వేరు. ఆఖరికి పెళ్ళి బాజాలు కూడా రెండు జట్లు!

ఒకరోజు మధ్యాహ్నం కనకానికి ఆయాసం ఎక్కువైంది. పెదాలు నీలంగా మారిపోయాయి. అప్పలసూరి కాంపౌండరు ఇంటికి పరిగెత్తాడు. ఆ మహానుభావుడు పడకకుర్చీలో కూర్చుని, "నువ్వు ప్రెసిడెంటు తాలూకట కదా? నేను ఆ గుమ్మం తొక్కను. వాళ్ళ మనుషులకి మందివ్వను" అన్నాడు.

పిల్ల పెదాలు నీలంగా మారితే అది ఏ పార్టీ రంగు? నువ్వు చెప్పు! ఆ కాంపౌండరు నాకు కనబడి ఉంటే ఆ పడకకుర్చీ ఎత్తి వాడి నెత్తిన మూతపెట్టేదాన్ని.

పైడమ్మ నీళ్ళు కాచి ఆవిరి పట్టించింది, వీపు రాసింది, ఎరిగిన దేవుళ్ళందరికీ మొక్కింది. ఎలాగో పిల్ల తేరుకుంది. అప్పుడు పైడమ్మ పొయ్యి మీద ఉడుకుతున్న అన్నం అలాగే దించేసి మూటలు కట్టేసింది. జామచెట్టు వైపు తిరిగి కూడా చూడలేదు.

"పట్నానికే పోదామే" అన్నాడు అప్పలసూరి. "అక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు."

"అవును, అడగరు. మన పిల్ల ఊపిరి తీసుకుంటోందా అని కూడా అడగరు" అంది పైడమ్మ. అని, ఏం చెయ్యాలో తెలియక, తనూ బస్సెక్కింది. అప్పటికి వాళ్ళ దగ్గర ఆశ అనేదే మిగల్లేదు.

బస్సు పోతూ పోతూ ఉప్పలగెడ్డ అనే చోట ఆగింది. ఈ పేరు మాత్రం చెప్తాను. ద్వారం లేదు, స్వాగతం లేదు. పక్కనే గెడ్డ పారుతోంది, రోడ్డు పక్కన తాటిచెట్లు. ఒక ముసలామె గోనె పరుచుకుని తాటిముంజలు అమ్ముతోంది. ఆమె పేరు అచ్చియ్యమ్మ. పైడమ్మ పిల్లకి గాలి తగలాలని దిగి, తాటాకు నీడలో కూర్చోబెట్టింది. దిగే హడావుడిలో పిల్ల కాలి చెప్పు ఒకటి మెట్టు మీద నుంచి జారిపోయింది. ఎవరూ చూసుకోలేదు.

అచ్చియ్యమ్మ చూసింది. చెప్పు తీసి చేత్తో పట్టుకుని, అందరికీ వినబడేలా గట్టిగా కేకేసింది. "ఎవరి తాలూకు చెప్పు?"

అయిపోయింది! పైడమ్మకి అది ఎలా వినబడిందో తెలుసా? మీరు ఎవరి తాలూకు, చెప్పు అని! బస్సు దిగి ఇంకా కొంగైనా దులుపుకోలేదు, అప్పుడే మొదలెట్టేశారనుకుంది. అన్నాళ్ళ నుంచి మింగిన కోపమంతా ఒక్కసారి పైకి తన్నుకొచ్చింది.

"చెప్పను!" అని అరిచింది. "ఏటి చెప్పాలి? ఎందుకు చెప్పాలి? మేం ఎవరి తాలూకూ కాం! దేవుడి తాలూకూ కాం, దెయ్యం తాలూకూ కాం! ఈ గుంటకి ఊపిరాడే చోటు కావాలని ఊరూరా తిరుగుతున్నాం. ఉంటే ఉందని చెప్పండి, లేకపోతే లేదని చెప్పండి. మా పుట్టుక తవ్వకండి!" అని, అంత గొంతుతో అరిచినామె అక్కడే కూలబడి భోరుమంది.

బస్సులోవాళ్ళంతా తలలు బయటపెట్టి చూస్తున్నారు. అచ్చియ్యమ్మ నోరు తెరుచుకుని నిలబడిపోయింది. చేతిలో ఆ బుల్లి చెప్పు. దాన్ని పైకెత్తి చూపించి, "ఓలమ్మా, నేనడిగింది నిన్ను కాదే. ఈ చెప్పుని" అంది.

పైడమ్మ చెప్పు వైపు చూసింది, కూతురి కాలి వైపు చూసింది. సిగ్గుతో చచ్చిపోయింది. ముందు కనకం నవ్వింది. ఆ తర్వాత ముసలామె నవ్వింది. అప్పలసూరికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అచ్చియ్యమ్మ పిల్లకి ముంజలు ఒలిచి పెట్టింది. పెడుతూ పెడుతూ సంగతంతా అడిగింది. ఏ రోగం, ఎన్నాళ్ళ నుంచి, పడుకుంటే ఎక్కువా కూర్చుంటే ఎక్కువా అని. అడగవలసినవి అవీ! విన్నకొద్దీ ఆమెకీ కోపమొచ్చి, ముంజలు ఒలిచే కత్తి విసురుగా గోనె మీద పడేసింది. "నా ఇంటి వెనక గది ఖాళీగానే ఉంది. దించండి మూటలు" అంది. బస్సు వాళ్ళని వదిలేసి వెళ్ళిపోయింది.

ఉప్పలగెడ్డ వాళ్ళు ఏమైనా దేవతలా? కాదు. సాయంత్రానికి ముగ్గురు పెద్దమనుషులు కండువాలు సర్దుకుంటూ వచ్చేశారు. "ఎవరు వీళ్ళు? ఎవరి తాలూకు?" అన్నారు.

అచ్చియ్యమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "నా తాలూకు. ఇంకేటి కావాలి?" అంది.

వాళ్ళకి ఇంకా చాలా కావాలి. కానీ ఆమె నోరు ఎరిగినవాళ్ళు కాబట్టి, ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్ళిపోయారు.

పైడమ్మకి అప్పుడు కూడా మనసు కుదుటపడలేదు. "మీరున్నారు కాబట్టి సరిపోయింది మామ్మా. మీరు లేకపోతే మాకీ ఊళ్ళో కూడా దారి రోడ్డు మీదే కదా? ఒకరు మా తాలూకని పూచీ పడితే గానీ మేం మనుషులం కామా?" అంది.

ఆ మాట ఎప్పుడు తల్చుకున్నా నాకిక్కడ మండుతుందే.

ఆ తర్వాత వానలు పడ్డాయి, గెడ్డ నిండింది. అప్పలసూరి గది ముందు పందిరేసి మోటార్లు చుట్టుకున్నాడు. కనకం గెడ్డ గట్టున తిరిగింది, చింతచిగురు కోసింది, వేడివేడి ఉలవచారు తాగింది. గురగుర ఎప్పుడు తగ్గిందో ఎవరూ కనిపెట్టలేదు. రోగం వచ్చేటప్పుడు అందరికీ చెప్పి వస్తుంది గానీ, పోయేటప్పుడు చెప్పదు.

బళ్ళో వేశారు. మొదటిరోజు మేష్టారు పేరు అడిగాడు. కనకం చెప్పింది. ఆయన కళ్ళజోడు పైకి నెట్టుకుని, ఆయనా మొదలుపెట్టాడు. "ఏ పిల్లా, నువ్వు ఎవరి తాలూకు?"

కనకం బల్ల మీద నుంచి లేచి నిలబడింది. "మా అమ్మ తాలూకు మా నాన్న తాలూకు మా అచ్చియ్యమ్మ మామ్మ తాలూకు మా మామ్మ ముంజల గోనె తాలూకు మా నాన్న మోటారు పెట్టె తాలూకు ఈ గెడ్డ తాలూకు ఈ బడి తాలూకు ఇంక మీరు పాఠం చెప్పండి మేష్టారూ!" అంది.

పిల్లలంతా గొల్లుమన్నారు. మేష్టారు ఏమన్నాడో నాకు తెలియదు.

పైడమ్మ అప్పటికింకా బడి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. కూతురు ఏం చెప్పిందో ఆమె సరిగ్గా వినలేదు. అంత మాటా ఎక్కడా ఆగకుండా ఒక్క ఊపిరిలో చెప్పడం మాత్రం విన్నది. గోడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఇక కళ్ళు మూసుకో.

కథేమో కంచికి,
కనకమేమో ఇంటికి,
కోపమేమో నా ఒంటికి,
నిద్దరేమో నీ కంటికి!